అరగంటలో కార్బన్ దోష నివారణ

శ్రీకాళహస్తిలో దోష నివారణకు కరువు లేదు. రాహుకేతు పూజకు టికెట్లున్నాయి, వేళలున్నాయి, ఏ టికెట్టుకు ఎంతో రాసిన బోర్డులున్నాయి. చెన్నై నంబరు కార్లు, బెంగుళూరు నంబరు కార్లు తెల్లవారకముందే స్వర్ణముఖి దాటి ఊళ్ళోకి వచ్చేస్తాయి. వాటిలోంచి దిగిన మనిషి జాతకంలోని సర్పదోషం సంగతి తేల్చుకుని, తీర్థం పుచ్చుకుని, నిమ్మకాయలు తొక్కించిన కారెక్కి నిశ్చింతగా ఇంటికి పోతాడు. పాపం, దోషాలన్నీ తీరిపోయాయనుకుంటాడు. మనిషి దోషం తీరింది సరే, కారు దోషమో? దానికి పీఠం వేరే ఉంది. ఆ పీఠాన్ని సర్వీస్ సెంటర్ అంటారు. అక్కడ చెప్పే దోషం పేరు కార్బన్.

ఆయిల్ మార్పించుకుందామని కారు తీసుకుపోయిన ఆసామికి టై కట్టుకున్న కుర్రాడు ఎదురొస్తాడు. చేతిలో ట్యాబు, మొహంలో దిగులు.

"సార్, బండి ముప్పై వేలు తిరిగుండాది. డీకార్బనైజింగ్ ఎప్పుడైనా చేయించినారా?"

"లేదే."

"అదే సార్. అందుకే పికప్ లేదు."

పికప్ లేదని ఆసామి అనలేదు. కుర్రాడు బానెట్ ఎత్తలేదు, స్పార్క్ ప్లగ్గు విప్పలేదు, స్కానర్ తగిలించలేదు. ఆ మాట చెవిన పడ్డాక మాత్రం, నిన్న ఏర్పేడు దగ్గర లారీని దాటడానికి కాస్త ఎక్కువసేపు పట్టిందేమోనని ఆసామికి గుబులు మొదలవుతుంది. గుబులు పుట్టాక బేరం ఎంతసేపు? వెయ్యి రూపాయల నుంచి నాలుగైదు వేల దాకా, షాపును బట్టి, కారును బట్టి, ఆసామి చొక్కాను బట్టి ధర పలుకుతుంది. అరగంటలో పని అయిపోతుంది. ఇంజను లోపల ఏం జరిగిందో ఎవరూ చూడరు, ఎవరూ చూపరు.

కార్బన్ అబద్ధమని ఎవరూ అనడం లేదు. పెట్రోలు గానీ డీజిలు గానీ పూర్తిగా మండకపోతే మసి మిగులుతుంది. ఇంజను అడుగున తిరిగే ఆయిలు వేడికి ఆవిరవుతుంది. ఆ ఆవిరిని గాల్లోకి వదిలితే కాలుష్యమని మళ్ళీ ఇన్‌టేక్ లోకే పంపే ఏర్పాటు ప్రతి కారులోనూ ఉంది. ఈ మసీ ఈ ఆయిలు ఆవిరీ కలిసి పిస్టన్ తల మీద, ఇంజెక్టర్ ముక్కు మీద, ఇన్‌టేక్ వాల్వు వెనక, థ్రాటిల్ బాడీలో పేరుకుంటాయి. డీజిలు కారులో ఈజీఆర్ వాల్వు పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపుతుంది కాబట్టి అక్కడ ఇన్‌టేక్ మానిఫోల్డు లోపల నల్లటి బురదే కడుతుంది. ఇదంతా నిజం. అబద్ధం ఎక్కడ మొదలవుతుందంటే, ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా పట్టిన దాన్ని ఒకే సీసా, ఒకే గొట్టం, ఒకే అరగంట వదిలిస్తాయని చెప్పేచోట.

నిజానికి నలుపు గురించి కబుర్లు చెప్పడానికి శ్రీకాళహస్తి అంత కష్టమైన ఊరు మరొకటి లేదు. ఇక్కడి కలంకారీ పనివాళ్ళు తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి, వారాల తరబడి పులియబెడతారు. అలా తయారైన కసిమిని, కరక్కాయ రసంలోనూ పాలలోనూ ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద కలంతో గీస్తారు. గీసేటప్పుడు పలచగా కనిపించిన గీత, కరక్కాయలోని వగరుతో ఇనుము కలవగానే నల్లబడుతుంది. ఆ గుడ్డను పారే నీళ్ళలో జాడించినా నలుపు కదలదు. పద్మశ్రీ జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి వంటివాళ్ళు జీవితమంతా ఆ గీత గీస్తూనే గడిపారు. నలుపు పట్టడానికి ఎంతసేపు కావాలో, పట్టింది వదలాలంటే ఏది ఉండాలో వాళ్ళకు వేళ్ళతో తెలుసు. వాళ్ళ దగ్గరికెళ్ళి, రెండు వందల డిగ్రీల వేడిలో వేల కిలోమీటర్ల పాటు కాలి కాలి గట్టిపడిన నలుపును స్ప్రే కొట్టి అరగంటలో తీసేస్తామని చెబితే నవ్వి ఊరుకుంటారు.

అదీ చాలకపోతే, ఊరికి దగ్గరలో రాచగున్నేరిలో ఇనుప పైపుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ బొగ్గును కోక్‌గా మార్చి, ఆ కోక్‌తో ఇనుప ఖనిజాన్ని కరిగిస్తారు. కోక్ అంటే దాదాపు పూర్తిగా కార్బనే. దాన్ని మాయం చేయాలంటే ఒకటే దారి, కాల్చాలి. గాలి కావాలి, వందల డిగ్రీల వేడి కావాలి. పెట్రోలులో గానీ కిరోసిన్‌లో గానీ ఏ డబ్బాలోని ద్రావకంలో గానీ కార్బన్ కరగదు. మసి చుట్టూ అంటుకున్న జిడ్డును, ఆయిలు బంకను ద్రావకాలు మెత్తబరచగలవు. తాజా జిడ్డయితే కడిగేయగలవు కూడా. పెంకు కట్టిన దాన్ని మాత్రం నానబెట్టాలి, గీకాలి, లేదా కాల్చాలి. ఈ మూడింటిలో ఏదీ సర్వీస్ సెంటరు అరగంటలో ఇమడదు.

ఇప్పుడు ఆ అరగంటలో ఏం చేస్తారో చూద్దాం. పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది తీర్థం లాంటిది. చిన్న సీసాను పెట్రోలు ట్యాంకులో ఒంపుతారు. మూడింటిలోనూ కొంచెం శాస్త్రం ఉన్నది ఇందులోనే. పాలీఈథర్ అమీన్ అనే డిటర్జెంటును షెవ్రాన్ కంపెనీ 1980ల నుంచి టెక్రాన్ పేరుతో అమ్ముతోంది. అది పెట్రోలుతో పాటు ప్రయాణించి ఇంజెక్టర్ ముక్కును, వాల్వులను నెమ్మదిగా శుభ్రం చేస్తుంది. ఇక్కడ ముఖ్యమైన మాట నెమ్మదిగా. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా, వందల కిలోమీటర్లు తిరిగేదాకా దానికి పని ఉంటుంది. సీసా ఒంపి, షెడ్డులోనే నాలుగుసార్లు యాక్సిలరేటర్ తొక్కి, "అయిపోయింది సార్, తేడా చూస్తిరా" అని తాళం చేతిలో పెడితే, ఆ తేడా ఆసామి పర్సులో తప్ప ఇంకెక్కడా ఉండదు.

పైగా ఈ డిటర్జెంటు తాకగలిగిన చోటే శుభ్రం చేయగలదు. మన రోడ్ల మీద తిరిగే ఆల్టోలు, వాగనార్లు, టియాగోల్లో ఎక్కువ భాగం ఇన్‌టేక్ పోర్టులోనే పెట్రోలు చిమ్మే రకం. అక్కడ పెట్రోలు వాల్వు వెనక్కి తగిలి రోజూ కడుగుతూనే ఉంటుంది. సాధారణంగా ఆ కార్లకు ఈ గొడవే తక్కువ. కొత్తగా వస్తున్న టర్బో పెట్రోలు కార్లలో చాలావాటిలో, హ్యుందాయ్ వెన్యూలోని 1.0 లీటరు టర్బో గానీ ఫోక్స్‌వాగన్, స్కోడా టీఎస్ఐలు గానీ, పెట్రోలు నేరుగా సిలిండర్ లోకే చిమ్ముతుంది. వాల్వు వెనకభాగాన్ని అది తాకనే తాకదు. అంటే వాల్వు మీద నిజంగా కార్బన్ పేరుకునే ఇంజనులోనే ట్యాంకు సీసాకు పని లేదు. ఆ సీసాకు అసలు పని ఉండే ఇంజనులోనేమో మంచి పెట్రోలు ఉంటే చాలు. రెండు రకాల కార్లకూ మాత్రం ఒకే సీసా.

టయోటా ఇంజనీర్లకు పాపం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్ళు డీ-4ఎస్ అనే పద్ధతిలో ఒక్కో సిలిండరుకు రెండేసి ఇంజెక్టర్లు పెట్టారు, ఒకటి సిలిండర్ లోకి, ఒకటి ఇన్‌టేక్ పోర్టులోకి. దాని లాభాల్లో వాల్వుల్ని పెట్రోలుతో కడగడం ఒకటి. అంత ఖర్చు పెట్టి, అన్ని గొట్టాలు కలిపి, అంత కంప్యూటరు పని చేసే బదులు కాళహస్తి షెడ్డులో ఒకసారి అడిగి ఉంటే వెయ్యి రూపాయలతో తేలిపోయేది.

రెండో పద్ధతిలో ఇంజను నడుస్తుండగానే ఇన్‌టేక్ గొట్టం లోంచి ద్రావకాన్ని ధారగానో నురగగానో పంపిస్తారు. ఈ క్రతువుకు ప్రేక్షకులు కావాలి. ఎందుకంటే కాసేపటికి సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ గుప్పున వస్తుంది. షెడ్డంతా కమ్ముకుంటుంది. "చూడండి సార్, లోపల ఉండే కార్బన్ అంతా ఎట్లా వచ్చేస్తా ఉండాదో!" అంటారు. ఆసామి ఫోను తీసి వీడియో తీసుకుంటాడు, సాయంత్రానికి బామ్మర్దికి పంపిస్తాడు. మరి కార్బన్ నల్లగా కదా ఉండాలి, పొగ తెల్లగా ఎందుకు వచ్చిందని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఆ తెల్లపొగ ఇప్పుడే పోసిన ద్రావకం. సగం మండి సగం మండక ఆవిరై బయటికొచ్చింది. సరిగ్గా అదే పని కొత్త కారుకు, షోరూం నుంచి ఆ ఉదయమే దిగిన కారుకు చేసినా అంతే పొగ వస్తుంది. ఎవరైనా ఒక్కసారి చేసి చూపిస్తే బాగుండు.

ద్రావకం అంతా పొగై పోతే నష్టం డబ్బుతో పోయేది. కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజను ఆయిల్లో కలుస్తుంది, ఆయిలు పలచబడుతుంది. అందుకే ఇలాంటి శుద్ధి తర్వాత ఆయిలు మార్చాలి. మన దగ్గర చాలాసార్లు కొత్త ఆయిలు పోసేశాక, బిల్లు రాసే ముందు, డీకార్బ్ గుర్తొస్తుంది. మండని ద్రావకం కెటలిటిక్ కన్వర్టర్ లోకి చేరి అక్కడ మండితే అది అతిగా వేడెక్కుతుంది. టర్బో ఉన్న కారులో ఇంకో చిక్కు. నిజంగానే ఒక గట్టి పెంకు ఊడిందనుకుందాం, అది పోయే దారిలో టర్బో రెక్కలుంటాయి, నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరుగుతూ. అంటే మందు పని చేయకపోతే డబ్బు దండగ, సగం సగం పని చేస్తే టర్బోకు గండం.

మూడోది హైడ్రోజన్ మిషన్. నీళ్ళను కరెంటుతో విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి ఇన్‌టేక్ లోకి పంపుతారు. మిషనుకు చక్రాలుంటాయి, మీటర్లుంటాయి, నీలం లైట్లుంటాయి. వాయులింగం వెలసిన ఊరు కాబట్టి గాలితో వైద్యం అంటే ఇక్కడ నమ్మకం తొందరగా కుదురుతుంది. హైడ్రోజన్ మంట వేడికి కార్బన్ కాలిపోతుందని చెబుతారు. బాగానే ఉంది. అయితే ఆ వాయువు ఇన్‌టేక్ వాల్వు పక్కనుంచి చల్లగా లోపలికి పోతుంది. మండేది లోపలికి పోయాక, వాల్వు మూసుకున్నాక. మూసుకున్న తలుపుకు ఇవతల పట్టిన మసిని అవతలి మంట ఎలా కాలుస్తుంది? లోపలి మాటకొస్తే, పెట్రోలు మండినప్పుడే సిలిండర్ లోపలి వాయువుల వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ముప్పై వేల కిలోమీటర్ల పాటు ఆ మంటలు కాల్చలేకపోయిన మసిని, ఐడిలింగులో నిలబడిన ఇంజనులోకి వదిలిన కాస్త హైడ్రోజన్ కాల్చేస్తుందట. సిలిండర్ గోడల చుట్టూ కూలెంట్ ప్రవహిస్తూ చల్లబరుస్తుంటుంది కాబట్టే ఆ మసి అక్కడ నిలిచింది. హైడ్రోజన్ వస్తోందని కూలెంట్ పక్కకు తప్పుకోదు.

కార్బన్ తీయడం అనే పని మాత్రం కొత్తది కాదు. ఒకప్పుడు అది నిజాయితీగల పని. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్ కారుకు డీకార్బనైజింగ్ చేయడమంటే హెడ్డు దించడమే. వాల్వులు విప్పి, పిస్టన్ తల మీది పెంకు గీకి, గ్రైండింగ్ పేస్టుతో వాల్వులను సీట్లలో కూర్చునేదాకా రుద్ది, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించేవాళ్ళు. రోజంతా పట్టేది. గీకిన మసి ఆసామి కళ్ళ ముందే కాగితం మీద ఉండేది. చేతక్ స్కూటరుకయితే సైలెన్సర్ విప్పి మంటలో కాల్చి, రాయికేసి కొట్టేవాళ్ళు, నల్లటి పెచ్చులు రాలేవి. టూ స్ట్రోక్ బండి పెట్రోలుతో పాటు ఆయిలునూ కాల్చేది మరి. కార్బ్యురేటర్ కాలంలో పెట్రోలు పాళ్ళు మెకానిక్ చెవిని బట్టి, స్క్రూడ్రైవరును బట్టి ఉండేవి. పెట్రోలులో సీసం ఉండేది. మసి పట్టిందంటే పట్టింది, తీశారంటే తీశారు.

తర్వాత ఏమైంది? సీసం కలిపిన పెట్రోలు 2000లో దేశమంతటా ఆగిపోయింది. కార్బ్యురేటర్లు పోయి ఇంజెక్షన్ వచ్చింది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ క్షణక్షణం చూసి కంప్యూటరుకు చెబితే పెట్రోలు పాళ్ళు అదే సరిచేసుకుంటుంది. 2017లో దేశమంతా బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్ళకు యాభై నుంచి పదికి దిగింది. ఆయిళ్ళు మెరుగయ్యాయి. ఇన్ని జరిగి ఇంజన్లు ఎన్నడూ లేనంత శుభ్రంగా మండుతున్న కాలంలో, ప్రతి పది వేల కిలోమీటర్లకూ కార్బన్ శుద్ధి తప్పనిసరైపోయింది! అంబాసిడర్ కాలంలో మసి ఎక్కువ, భయం తక్కువ. ఇప్పుడు మసి తగ్గింది, కొరత తీర్చడానికి భయం వచ్చి చేరింది.

ఈ రకం భయాన్ని సీసాల్లో పోసి అమ్మడం మనం కనిపెట్టిన విద్య కూడా కాదు. అమెరికాలో ఎస్‌టీపీ అనే కంపెనీ తన ఆయిల్ ట్రీట్‌మెంట్ గురించి చేసిన ప్రచారానికి 1978లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు అయిదు లక్షల డాలర్ల జరిమానా కట్టింది. అంతటితో వదలలేదు, ఆ సంగతిని ప్రకటనల రూపంలో జనానికి తెలియజేయడానికి ఇంకో రెండు లక్షలు ఖర్చు పెట్టించారు. టెఫ్లాన్ కలిపి ఇంజను అరుగుదల ఆపుతానన్న స్లిక్ 50 మీద 1996లో అదే కమిషన్ కేసు పెడితే, మరుసటి ఏడు కోటి డాలర్లకు తగ్గకుండా కొనుగోలుదారులకు ముట్టజెప్పడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. 2000లో డ్యూరా లూబ్ వంతు వచ్చింది, ఇరవై లక్షల డాలర్లు. ఇవన్నీ ఆయిల్లో పోసే మందులు, కార్బన్ మందులకు వరసకు అన్నదమ్ములు. అక్కడి పర్యావరణ సంస్థ మైలేజీ పెంచుతామని చెప్పుకున్న వందకు పైగా పరికరాలను, మందులను పరిశీలించి, చెప్పుకోదగ్గంతగా పెంచేది ఒక్కటీ కనబడలేదని తేల్చింది. అక్కడ జరిమానా పడిన మాటలే ఇక్కడ గోడ మీద పోస్టర్లు. "మైలేజీ పెరుగుతుంది, పికప్ పెరుగుతుంది, ఇంజను ఆయుష్షు పెరుగుతుంది." ఆయుష్షు అన్న చోట నవగ్రహాల బొమ్మ ఒక్కటే తక్కువ.

"మరి మా కారు నిజంగానే తేలికైందే!" అనేవాళ్ళు ఉంటారు. ఉండకేం. ఆ రోజు కారుకు కొత్త ఆయిలు పోశారు. ఎయిర్ ఫిల్టర్ మార్చారు. స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేశారో మార్చారో చేశారు. నెలల తరబడి చూడని టైర్లలో గాలి సరిగ్గా కొట్టారు. కారు కడిగి, డ్యాష్‌బోర్డు తుడిచి, సీటు మీద కాగితం పరిచారు. ఇంతమంది పనిచేస్తే పేరు మాత్రం డీకార్బ్‌కు పోయింది. పని చేసిన ఎయిర్ ఫిల్టర్ బిల్లులో నాలుగో వరసలో నోరు మూసుకుని ఉంది.

లెక్క కూడా వేసి చూడొచ్చు. డీకార్బ్‌కు మూడు వేలు తీసుకున్నారనుకుందాం. లీటరు పెట్రోలు నూట పది రూపాయలనుకుంటే అది ఇరవై ఏడు లీటర్ల డబ్బు. వాళ్ళు చెప్పినట్టే పెట్రోలు వాడకం నూటికి అయిదు వంతులు తగ్గిందనే ఒప్పుకుందాం, ఉదారంగా. ఆ ఇరవై ఏడు లీటర్లు మిగలాలంటే కారు దాదాపు 545 లీటర్లు తాగాలి. లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్ల చొప్పున తొమ్మిది వేల ఎనిమిది వందల కిలోమీటర్లు. అంటే పెట్టిన డబ్బు తిరిగొచ్చి, రేపటి నుంచి లాభం మొదలవుతుందనగా పది వేల సర్వీసు వచ్చేస్తుంది. టై కట్టిన కుర్రాడు ట్యాబుతో నిలబడే ఉంటాడు. "సార్, కార్బన్ మళ్ళీ పట్టేసుండాది."

ఆ కుర్రాణ్ణి అనడంలో అర్థం లేదు. ఆయిలు మార్చినందుకు అతనికి మెచ్చుకోలు రాదు. నెలకు ఎన్ని డీకార్బ్‌లు, ఎన్ని ఏసీ శుద్ధులు, ఎన్ని ఎలుకల మందులు అంటగట్టాడన్నదే పైవాళ్ళు చూసే లెక్క. టార్గెట్ తగ్గితే అతని జాతకం చూసేవాళ్ళు వేరే ఉన్నారు. అంటగట్టే పద్ధతి నేర్పినవాళ్ళు, నెలాఖరున లెక్క అడిగేవాళ్ళు షెడ్డులో కనబడరు.

ఇక నిజంగా పనికొచ్చేవి. నేరుగా సిలిండర్ లోకి పెట్రోలు చిమ్మే ఇంజనులో వాల్వులు నిజంగా మూసుకుపోతే, ఇన్‌టేక్ మానిఫోల్డు విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలి వేగంతో కొట్టి గీకుతారు. లోహానికి గీత పడదు, పెంకు ఊడుతుంది. బీఎండబ్ల్యూ వర్క్‌షాపుల్లో దీనికోసం ప్రత్యేకమైన పనిముట్లే ఉన్నాయి. డీజిలు కారులో ఈజీఆర్ వాల్వు, మానిఫోల్డు విప్పి బయటపెట్టి, రసాయనంలో గంటలకొద్దీ నానబెట్టి, బ్రష్షుతో రుద్దితే శుభ్రమవుతాయి. రసాయనం నిజంగా పనిచేసే చోటు ఇదే. తీసింది కళ్ళతో చూడొచ్చు, వాసన కూడా చూడొచ్చు, చూడకపోతేనే మేలు. పెట్రోలు విషయానికొస్తే, బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టయోటా కలిసి 2004లో అమెరికాలో టాప్ టియర్ అనే ప్రమాణం పెట్టాయి, పెట్రోలులో డిటర్జెంటు ఎంత ఉండాలని. 2016లో అక్కడి మోటారు వాహనదారుల సంఘం పరీక్షిస్తే, నాలుగు వేల మైళ్ళ తర్వాత మామూలు పెట్రోలు వాడిన ఇంజన్ల వాల్వుల మీద సగటున పందొమ్మిది రెట్లు ఎక్కువ మసి కనబడింది. శుభ్రత రోజూ ట్యాంకులో పోసే పెట్రోలులో ఉందని, ఏడాదికోసారి జరిపే క్రతువులో లేదని దాని అర్థం. మన బంకుల్లోనూ ఆయిల్ కంపెనీలు డిటర్జెంటు కలిపిన ఖరీదైన పెట్రోళ్ళు అమ్ముతున్నాయి. అప్పుడప్పుడూ ఒక ట్యాంకు పోయిస్తే చాలు. డీకార్బ్ డబ్బుతో చాలా ట్యాంకులకు ఆ తేడా కట్టొచ్చు.

ఊళ్ళోనే గాంధీ వీధి నుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి ఇంటికి, ఇంజను వేడెక్కేలోపే ఆపేసే కార్లకు మసి ఎక్కువ పడుతుంది. రోజూ తిరుపతి పోయొచ్చే ట్యాక్సీలకు ఆ బాధ తక్కువ. ఇంజను బాగా వేడెక్కి, మధ్య గేరులో బరువు లాగుతూ, కాస్త ఎక్కువ తిప్పుడుతో అరగంట నడిస్తే సిలిండర్ లోపలి మెత్తటి మసి కొంత దానంతటదే కాలుతుంది. బీఎస్ 6 డీజిలు కారులో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్‌కు అయితే ఇదే మందు, దాదాపు ఆరొందల డిగ్రీల దగ్గర అందులోని మసి కాలి శుభ్రమవుతుంది. మనవాళ్ళకు దానికి తగ్గ రోడ్డు కూడా దగ్గరలోనే ఉంది. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు. అతివేగాన్ని ఆపడానికి పైకి పోవడానికి కనీసం ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టాలని తిరుమల తిరుపతి దేవస్థానం నియమం పెట్టింది. ఆ ఇరవై ఎనిమిది నిమిషాలు రెండో గేరు, మూడో గేరులో ఎక్కే ఇంజనుకు జరిగే సేవ, షెడ్డులో నిలబెట్టి అరగంట పొగ పెట్టించే సేవ కంటే చాలా మేలు. పైగా దర్శనం కూడా అవుతుంది. వాల్వు వెనక కట్టిన గట్టి పెంకు మాత్రం ఈ ఎక్కుడుకూ ఊడదు. అది ఊడుతుందని ఎవరైనా చెబితే, వాళ్ళూ ఏదో అమ్మబోతున్నారని గ్రహించాలి.

కారు కొన్నప్పుడు చేతికిచ్చిన పుస్తకం గ్లవ్ బాక్సులోనే ఉంటుంది, చాలామందిది కవరు కూడా విప్పకుండా. అందులో వెనక పేజీల్లో ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చాలో పట్టిక ఉంది. ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, కూలెంటు, బ్రేకు ఆయిలు అన్నీ వరసగా ఉంటాయి. కారు తయారుచేసినవాళ్ళు ఇంజను గురించి తెలిసి రాసిన పట్టిక అది. డీకార్బ్ కోసం దాన్ని చివరిదాకా వెతికి చూడండి. లేకపోతే, "కంపెనీ చెప్పింది సార్" అన్న మాటకు ఆ పేజీ తెరిచి చూపించండి.

కార్బన్ ఉందనే వాదిస్తే నాలుగు మాటలు అడగండి. మా ఇంజనులో కార్బన్ ఎక్కడ ఉంది, సన్న కెమెరా లోపలికి దించి చూపిస్తారా? పని అయ్యాక అదే చోటు మళ్ళీ చూపిస్తారా? ఫోనులో ఉన్న ఎవరి ఇంజనుదో ఫొటో వద్దు, మా బండిదే కావాలి. మైలేజీ ఎంత పెరుగుతుందో బిల్లు మీద రాసి సంతకం పెడతారా? గుళ్ళో టికెట్టు మీద కూడా ఏ పూజో, ఎంతో రాసి ఉంటుంది కదా. చాలాచోట్ల మూడో ప్రశ్న దాటకముందే, "మీ ఇష్టం సార్, ఈసారికి వద్దులే" అనేస్తారు. అలా అన్నారంటే మీ ఇంజనులో అత్యవసరమైన దోషం ఏదీ లేదన్నమాట.

అడక్కుండా చేసేసి బిల్లులో రాసినా, చెప్పింది ఒకటి జరిగింది ఒకటి అయినా, దిగమింగుకుని ఊరుకోనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పది లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయగలదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తిరుపతిలో వినియోగదారుల కమిషన్ ఉంది, శ్రీకాళహస్తి నుంచి గంట ప్రయాణం. బిల్లు మాత్రం పారేయకండి, డీకార్బ్ పేరు, ధర విడిగా రాయించుకున్న బిల్లే అక్కడ సాక్ష్యం.